పెరటిలో పర్మాకల్చర్: ఏ పని ముందు, ఏది తర్వాత

పెరటిని పర్మాకల్చర్ (ప్రకృతి నడిచే తీరునే అనుసరించి తోటను పెంచే) పద్ధతిలోకి మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ మొక్కలు తెచ్చుకోవాలి?" అనే. నిజానికి మొక్కల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. వాన నీరు ఎటు పోతోందో తెలియకముందే నాటిన చెట్టును మూడేళ్ల తర్వాత కదిలించలేం. బాట ఎక్కడో తేల్చకుండా వేసిన మడిని ఎవరో ఒకరు రోజూ తొక్కుతూనే ఉంటారు.

కాబట్టి వరుస ఇది: చూడటం, నీరు, బాటలు, నేల, చెట్లు, చెట్ల కింది మొక్కలు, ఆ తర్వాత పిట్టలకూ పురుగులకూ కావలసిన ఏర్పాట్లు. పెరడు ఎంత చిన్నదైనా ఈ వరుస మారదు.

1. ముందు చూడండి, గీయండి

వీలైతే ఏడాదంతా గమనించండి. అంత ఓపిక లేకపోతే కనీసం ఒక పెద్ద వాననూ, మండే ఎండ రోజుల్నీ చూశాకే పార పట్టండి. పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ మూల నుంచి బయటికి పోతున్నాయి అన్నది ఆ అరగంటలో తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు.

గళ్ల కాగితం మీద ఒక సెంటీమీటరుకు ఒక మీటరు చొప్పున పెరడును గీయండి. అందులో ఇవన్నీ ఉండాలి:

- ఇంటి గోడలు, ప్రహరీ, కుళాయిలు, చూరు గొట్టాలు
- సెప్టిక్ ట్యాంకు, నేలలోని పైపులు, కరెంటు తీగలు
- వాలు ఎటువైపు, నీళ్లు నిలిచే చోట్లు
- ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు నీడ ఎక్కడిదాకా వస్తోంది
- గట్టిగా గాలి వీచే దిక్కు
- ఇప్పటికే ఉన్న చెట్లు, పొదలు, పిట్టగూళ్లు, పుట్టలు, తేనెటీగలు దూరే బొరియలు

నీడను ఒక్కరోజు చూసి వదిలేయకండి. జూన్ నెలాఖరులో, డిసెంబరు నెలాఖరులో నీడ పొడవులు పూర్తిగా వేరు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు పొడవైన చెట్లను పెరటికి ఉత్తరపు అంచున, దక్షిణాన ఉన్నవాళ్లు దక్షిణపు అంచున పెడితే కూరగాయల మీద నీడ పెద్దగా పడదు.

పెరట్లో ఇప్పటికే బతుకుతున్నవాటిని చూడకుండా "శుభ్రం" చేయించడం చాలామంది చేసే తొలి తప్పు. ఒక ముళ్లపొద కొట్టేస్తే అందులో గూడు కట్టుకునే పిట్టలు వెళ్లిపోతాయి. కొత్త పొద అంత గుబురుగా పెరగడానికి ఏళ్లు పడుతుంది.

2. మట్టికి రెండు పరీక్షలు

సీసా పరీక్ష: గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, ఒక చెంచా బట్టల సబ్బు పొడి వేసి బాగా గిలక్కొట్టి కదపకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమన్ను ఒకటి రెండు రోజుల్లో పేరుకుంటాయి. పొరల మందం చూస్తే ఏది ఎంతుందో తెలుస్తుంది.

ఇంకుడు పరీక్ష: అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగుతోందో స్కేలుతో కొలవండి. అసలు లెక్క రెండోసారిదే. మొదటిసారి పొడి మట్టి తాగేస్తుంది.

- గంటకు 1 సెం.మీ. కన్నా తక్కువ దిగితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. వాన నీరు ఇంకించే కందకాలు వద్దు, ఎత్తు మళ్లు వేయండి.
- 2.5 నుంచి 8 సెం.మీ. వరకు అయితే దాదాపు ఏదైనా పెంచవచ్చు.
- 15 సెం.మీ. దాటితే ఇసుక నేల. కంపోస్టూ, మల్చింగూ (నేలను ఎండుగడ్డితో, ఆకులతో కప్పడం) ఎక్కువ కావాలి.

పాత ఇల్లయితే, గోడల రంగు పెచ్చులూడి కింద పడుతున్న చోట సీసం (లెడ్) అనే విష లోహం ఉండొచ్చు. ఆ మట్టిని ప్రయోగశాలకు పంపి చూపించేవరకు అక్కడ ఆకుకూరలు, దుంపలు వేయకండి.

3. అడుగుల దూరాన్ని బట్టి పంచుకోండి

రోజూ కోసుకునేవి గుమ్మానికి దగ్గరగా, ఏడాదికోసారి చూసేవి దూరంగా ఉండాలి. వంటకు కోసే ఆకులు వంటగది తలుపుకు పది పదిహేను అడుగుల్లోపు, కూరగాయల మళ్లు ఆ తర్వాత, పండ్ల చెట్లు ఇంకా అవతల. అన్నిటికన్నా చివరి మూలను ఏమీ చేయకుండా వదిలేయండి. పెరడులో పదో వంతు అలా వదిలినా చాలు. అది జీవుల మూల, అక్కడికి కత్తెర వెళ్లకూడదు.

కంపోస్టు గుట్టను మాత్రం దూరపు మూలకు నెట్టకండి. వంటగదికీ మళ్లకూ మధ్య దారిలో ఉంటేనే రోజూ వాడతారు.

4. నీరు: మొత్తం పనిలో సగం ఇదే

ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. 80 చదరపు మీటర్ల కప్పు మీద 25 మి.మీ. వాన కురిస్తే 2,000 లీటర్లు. తడవడానికి, చిందడానికి 20 శాతం పోయినా 1,600 లీటర్లు చేతికొస్తాయి. అడుగున్నర వెడల్పు, అడుగు లోతు, పది అడుగుల పొడవున్న కందకంలో పట్టేది దాదాపు 425 లీటర్లే. అంటే ఒక్క కందకంతో సరిపోదు, పొంగిన నీటికి దారి చూపాలి. ఈ లెక్క వేయకుండా తవ్వినవాళ్లకు మొదటి పెద్ద వానకే గట్టు తెగుతుంది.

కందకం మట్టంగా ఉండాలి. వాలుకు అడ్డంగా, ఆ చివరి నుంచి ఈ చివరి వరకు ఒకే ఎత్తులో తవ్వాలి. మట్టం చూడటానికి ఏ-ఫ్రేమ్ చాలు:

- ఆరడుగుల కర్రలు రెండు పైన కలిపి బిగించండి, మధ్యలో అడ్డకర్ర కట్టండి. పైనుంచి దారానికి రాయి వేలాడదీయండి.
- రెండు కాళ్ల కింద గుర్తులు పెట్టి, దారం అడ్డకర్రను తాకేచోట గీత గీయండి.
- కాళ్లను అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలిపి ఇంకో గీత గీయండి.
- రెండు గీతల మధ్య బిందువే మట్టం. దారం అక్కడికి వచ్చేలా ఫ్రేమును నడిపిస్తూ మేకులు పాతుకుంటూ వెళ్లండి.

తవ్విన మట్టిని పల్లం వైపు గట్టుగా పోసి, నడిచి నడిచి గట్టిపరచండి. గట్టు కన్నా నాలుగు వేళ్లు తక్కువ ఎత్తులో, రాళ్లు పరిచిన అలుగు ఒకటి తప్పనిసరి. అలుగు నుంచి పొంగిన నీరు తర్వాతి కందకంలోకో, వాన మడిలోకో, చివరికి పెరటి బయటి కాలువలోకో వెళ్లాలి. పక్కింటి గోడ మీదికి మాత్రం కాదు.

ఇంటి పునాదికి పది అడుగుల్లోపు కందకం తవ్వొద్దు. సెప్టిక్ ట్యాంకు దగ్గరా, నిటారు వాలు మీదా అసలే వద్దు.

వాన మడి అంటే పల్లపు చోట 15–20 సెం.మీ. లోతుగా చేసిన వెడల్పాటి గుంట. తడినీ ఎండనూ ఓర్చుకునే స్థానిక గడ్డి జాతులు, పూల మొక్కలు అందులో వేస్తారు. నీరు 48 గంటల్లో ఇంకిపోవాలి. వేడి వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కల పురుగుగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి రెండు రోజుల్లో ఇంకే గుంటలో దోమలు పెరగవు. అంతకన్నా ఎక్కువ నిలుస్తుంటే అడుగున గడ్డపారతో గుచ్చి కంపోస్టు కలపండి. అప్పటికీ తగ్గకపోతే లోతు తగ్గించండి.

స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు చెట్లకు వాడుకోవచ్చు. బ్లీచింగ్, బోరాక్స్ ఉన్న సబ్బులు వాడిన నీళ్లు వద్దు. ఒక రోజుకు మించి నిల్వ చేయకండి, కుళ్లి కంపు కొడుతుంది. మల్చింగ్ కిందికి వదలాలి, ఆకుల మీద పోయకూడదు. ఆకుకూరలకూ దుంపలకూ ఈ నీళ్లు పనికిరావు.

5. బాటలు, మళ్లు

మడి వెడల్పు నాలుగు అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి. గోడ పక్క మడి అయితే రెండడుగులే. బాట అడుగున్నర, తోపుడు బండి నడిచే బాట మూడడుగులు. మళ్లలో ఎవరూ కాలు పెట్టొద్దు, తొక్కిన మట్టిలో వేరు దిగదు. బాటల మీద చెక్కపొట్టు పది సెంటీమీటర్ల మందాన పరిస్తే బురద ఉండదు. ఏడాది రెండేళ్లలో అది కుళ్లి నల్లగా అయ్యాక గీకి మళ్లలో వేసుకుని, బాటకు కొత్తది పోయండి.

6. నేల: అట్టల మల్చింగ్, కంపోస్టు

గడ్డి పెరిగిన నేలను తవ్వకుండా మడిగా మార్చే దారి ఇది. ఒకటి ముందే చెప్పాలి: గరిక, తుంగ ఉన్న చోట అట్టలు వాటిని ఆపలేవు. గరిక అంచుల నుంచి పాకి వస్తుంది, తుంగ అట్టను చీల్చుకుని లేస్తుంది. ఆ రెండూ ఉంటే ముందు దుంపలతో, కాడలతో సహా తవ్వి ఏరండి. మళ్లీ మొలిచినవి రెండు మూడు దఫాలుగా పీకాకే అట్టలు పరచండి.

వరుస:

- గడ్డిని నేల మట్టానికి కోసి అక్కడే వదలండి. నేలను బాగా తడపండి.
- మాగిన పశువుల ఎరువు పలుచగా చల్లండి.
- అట్టపెట్టెల టేపులు, పిన్నులు తీసేయండి. మెరుపు పూత ఉన్న అట్టలు వాడొద్దు. ఒకదాని మీద ఒకటి 15 సెం.మీ. ఎక్కేలా పరిచి, మెత్తబడేదాకా తడపండి. తడపని అట్ట వాన నీటిని కిందికి దిగనివ్వదు.
- పైన 5–8 సెం.మీ. కంపోస్టు, దానిపై 10–15 సెం.మీ. ఎండుగడ్డి లేదా ఎండుటాకులు.

నారు పెట్టాలంటే అట్టను కత్తితో అడ్డంగా నిలువుగా కోసి ఆ రంధ్రంలో నాటండి. చిన్న విత్తనాలు చల్లేచోట పైన ఎండుగడ్డి వేయకండి. ఇంటి గోడ నుంచి అడుగున్నర దాకా అట్టా మల్చింగూ లేకుండా వదిలితే చెదలు గోడ ఎక్కుతున్నాయో లేదో కనిపిస్తుంది. చెక్కపొట్టును నేల మీద పరచండి, మట్టిలో కలపొద్దు. కలిపితే అది కుళ్లేదాకా మొక్కకు నత్రజని అందదు, ఆకులు పసుపెక్కుతాయి.

కంపోస్టు గుట్ట కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే వేడెక్కుతుంది. ఎండుటాకులు రెండు మూడు తట్టలకు పచ్చి చెత్త ఒక తట్ట. పిడికిట పిండితే తడిగుడ్డలా ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతే తడి. లోపలి వేడి 55–65 డిగ్రీల మధ్య కనీసం మూడు రోజులుండాలి. ఆ తర్వాత వారానికి ఒకసారి తిరగేయండి.

- కంపు కొడితే తడి, పచ్చి ఎక్కువైనట్టు. ఎండుటాకులు కలిపి తిరగేయండి.
- వేడెక్కకపోతే గుట్ట చిన్నది, పొడిది, లేదా పచ్చి చెత్త తక్కువ.
- ఎలుకలు వస్తే వంటింటి చెత్తను గుట్టలో అడుగు లోతున పూడ్చండి, అడుగున సన్న ఇనుప జాలీ వేయండి.

బయటి నుంచి తెచ్చిన ఎండుగడ్డి, పశువుల ఎరువు వాడేముందు చిక్కుడు పరీక్ష చేయండి. కొన్ని కలుపు మందులు గడ్డిలో, ఆ గడ్డి తిన్న పశువు పేడలో, చివరికి కంపోస్టులో కూడా నెలల తరబడి చెడకుండా ఉంటాయి. ఆ ఎరువు కలిపిన కుండీ ఒకటి, కలపనిది ఒకటి పెట్టి చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాల్లో ఎరువు కుండీలోని ఆకులు ముడుచుకుని మెలికలు తిరిగితే ఆ సరుకును పెరట్లోకి రానివ్వకండి. ఈ ఒక్క పరీక్ష మానేసి మళ్లన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

7. చెట్టు, దాని జట్టు

చెట్టు గొయ్యి వేళ్ల ముద్ద అంతే లోతు, దానికి రెండు మూడింతల వెడల్పు. లోతు ఎక్కువైతే మట్టి కుంగి మొదలు పూడిపోతుంది. మొదలు వెడల్పై వేళ్లుగా విచ్చుకునే చోటు నేల పైకి కనిపించాలి. సంచిలో చుట్టుకుపోయిన వేళ్లను విడదీయండి, విడిపోని వాటిని కత్తిరించండి. మల్చింగ్ పది సెంటీమీటర్ల మందం, కానీ మొదలు చుట్టూ జానెడు మేర ఖాళీ. మొదలుకు ఆనించి పోసిన గుట్టే బెరడు కుళ్లడానికి కారణం.

చెట్ల మధ్య దూరాన్ని అవి పూర్తిగా పెరిగాక వచ్చే గొడుగు వెడల్పును బట్టి పెట్టండి. ఖాళీగా కనిపిస్తోందని దగ్గర దగ్గరగా నాటడం పర్మాకల్చర్ పెరళ్లలో కనిపించే పెద్ద తప్పు. ఆ ఖాళీని తాత్కాలిక మొక్కలతో నింపుకోవచ్చు.

వెచ్చని చోట జామ లేదా నిమ్మ చెట్టు చుట్టూ ఇలా వేసి చూడండి:

- నాలుగైదు అడుగుల దూరంలో రెండు మూడు కంది మొక్కలు. మూడు నాలుగేళ్లకు వాటి ఆయుష్షు తీరేసరికి చెట్టుకు ఆ చోటు కావలసి వస్తుంది.
- నేల కప్పడానికి అలసంద.
- గొడుగు అంచున తులసి, బంతి, కొత్తిమీర, సోంపు. కొత్తిమీరను కొంత కోయకుండా పూయనివ్వండి. దాని చిన్న పూలకు వచ్చే సన్నటి కందిరీగలు గొంగళిపురుగుల మీద, రసం పీల్చే పేనుబంక మీద గుడ్లు పెడతాయి.
- పొంగు నీరు చేరే పల్లంలో అరటి.

కంది గాలిలోని నత్రజనిని పట్టుకున్నా, పక్కనున్నంత మాత్రాన చెట్టుకు దాన్ని ధారపోయదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు నడుం ఎత్తుకు కొట్టి ఆ ఆకును చెట్టు కింద పరిచినప్పుడు, వేళ్లు కుళ్లినప్పుడు అందేదే ఎక్కువ. కొట్టడం మానేస్తే అది నీటికీ ఎండకూ పోటీదారే.

చెట్టు పాదులో రెండడుగుల్లోపు దుంప పంటలు వద్దు. తవ్వినప్పుడల్లా వేళ్లు తెగుతాయి. వేగంగా పెరుగుతాయని సుబాబుల్ లాంటివి, పూలు బాగుంటాయని లాంటానా తెచ్చిపెట్టుకోకండి. చాలా దేశాల్లో అవి అడవుల్లోకి పాకి స్థానిక మొక్కల్ని అణిచేశాయి.

8. పిట్టలకు, పురుగులకు

తిండి సంగతి మొక్కల ఎంపికలోనే తేలిపోతుంది. గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లలకు మేపేది పురుగుల్నే, ముఖ్యంగా గొంగళిపురుగుల్ని. ఆ గొంగళిపురుగుల్లో ఎక్కువ భాగం తమ ప్రాంతపు మొక్కల మీదే బతుకుతాయి. అమెరికాలో ఇళ్ల పెరళ్లలో చికడీ పిట్టల మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, స్థానికం కాని మొక్కల వాటా 30 శాతం దాటిన చోట ఆ పిట్టల సంతతి నిలబడలేదని తేలింది. కాబట్టి పంట చెట్లు పోగా మిగిలిన పొదలు, కంచె, పూల మొక్కలన్నీ మీ ప్రాంతపువే అయ్యేలా చూసుకోండి. ఆకులు చిల్లులు పడటం ఆ మొక్క తన పని చేస్తోందనడానికి గుర్తు.

గూటి చోట్ల విషయంలో పర్మాకల్చర్ చేసేవాళ్లే ఎక్కువ పొరపడతారు. నేలంతా మల్చింగ్‌తో కప్పేస్తారు. తేనెటీగ జాతుల్లో (పట్టు కట్టని ఒంటరి జాతులతో కలిపి) దాదాపు 70 శాతం నేలలోనే బొరియ చేసుకుంటాయి. ఎండ పడే, నీరు నిలవని చోట ఒక చదరపు మీటరు నేలనైనా బోసిగా, తొక్కకుండా వదిలేయండి.

- బోలు కాడల మొక్కల్ని మొదలంటా కోయకుండా అడుగు పైగా మోడు వదలండి.
- కర్రముక్కలకు 3–10 మి.మీ. రంధ్రాలు, 10–15 సెం.మీ. లోతున, వెనుక మూసి ఉండేలా వేసి ఉదయపు ఎండ తగిలేలా బిగించండి. రెండేళ్లకోసారి కొత్తవి పెట్టండి, పాతవాటిలో సన్నటి నల్లులు (మైట్లు), బూజు చేరతాయి.
- ఎండు దుంగలు, రాళ్ల కుప్ప ఇంటికి ఇరవై అడుగుల దూరాన. తొండలు, కప్పలు, పెంకుపురుగులు చేరతాయి. గోడకు ఆనించి పెడితే ఎలుకలు, వాటి వెంట పాములు ఇంటి దగ్గరికి వస్తాయి.

పిట్టల నీళ్ల పళ్లెం లోతు 3–5 సెం.మీ. దాటకూడదు. నీళ్లు రోజూ మార్చి, వారానికోసారి రుద్ది కడగాలి. గులకరాళ్లు వేస్తే తేనెటీగలు మునగకుండా తాగుతాయి.

చిన్న చెరువు కావాలంటే మధ్యలో అడుగున్నర లోతు, ఒక వైపు తప్పకుండా ఏటవాలు ఉండాలి. నిటారు గట్ల తొట్టిలో పడిన జీవి బయటికి రాలేదు. కప్పలు కావాలంటే చేపలు వేయకండి, తోకకప్పల్ని (కప్ప పిల్లల్ని) తినేస్తాయి. తూనీగల పిల్లలు దోమ పిల్లల్ని తింటాయి, అవి చేరేదాకా బీటీఐ బిళ్లలు (దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా ఉన్నవి) వేసుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో నీటి మట్టం కిందే బరువు మోయగల ఇనుప జాలీ బిగించాలి. లేదా చెరువు ఆలోచన వాయిదా వేయండి.

పండ్లకు కప్పే వల కన్నాల్లో చిటికెన వేలు దూరితే ఆ వల వద్దు. పిట్టలు, గబ్బిలాలు, పాములు చిక్కుకుని చస్తాయి. రాత్రంతా వెలిగే పెరటి దీపాలు ఆర్పేయండి.

9. పురుగు పట్టినప్పుడు

మొదటి ఏడాది పేనుబంక తప్పకుండా వస్తుంది. దాన్ని తినే అక్షింతల పురుగులు రెండు మూడు వారాలు ఆలస్యంగా వస్తాయి. ఆ వ్యవధిలో మందు కొడితే తినేవి ఆకలితో పోతాయి, పేనుబంక మాత్రం మళ్లీ వస్తుంది. అక్షింతల పురుగు పిల్లలు నల్లగా, నారింజ మచ్చలతో, పొడుగ్గా ఉంటాయి. పెద్దవాటి పోలిక ఉండదు కాబట్టి చీడపురుగులనుకుని చంపేస్తుంటారు. వాటిని ముందే గుర్తుపట్టడం నేర్చుకోండి.

వరుసగా ఇలా చేయండి:

- కొనల మీద గట్టి నీటి ధార, రెండు రోజులకోసారి.
- చీమలు ఎక్కుతుంటే మొదలుకు కాగితం చుట్టి దాని మీద జిగురు పూయండి. పేనుబంకను చీమలు కాపాడతాయి.
- అప్పటికీ ఆగకపోతే లీటరు నీటికి 5–10 మి.లీ. ద్రవ సబ్బు, సాయంత్రం, పురుగు ఉన్న కొమ్మకే.
- వేపనూనె ఆఖరి ఆయుధం. అది సీతాకోకచిలుకల గొంగళిపురుగులకూ హాని చేస్తుంది, పూల మీద పడకూడదు.

నర్సరీ మొక్కలు తెచ్చేటప్పుడు నియోనికోటినాయిడ్ పురుగుమందులు వాడారా అని అడగండి. అవి మొక్క ఒళ్లంతా పాకి మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. సరైన జవాబు రాకపోతే పూల మొక్కల్ని విత్తనం నుంచే పెంచుకోవడం మేలు.

10. మొదటి రెండేళ్ల పనులు

నాటిన మొదటి ఏడాది చెట్టుకు వేసవిలో వారానికి రెండుసార్లు 15–20 లీటర్లు. పోసేముందు వేలు గుచ్చి చూడండి, రెండంగుళాల లోపల తడి ఉంటే ఆగండి. రెండో ఏడాది పాదును కొమ్మల కొస కిందికి జరిపి, వారానికోసారి ఎక్కువగా పోయండి. మొదలు దగ్గరే పోస్తూ ఉంటే వేళ్లు అక్కడే ఉండిపోతాయి. ఊతకర్ర ఏడాది లోపే తీసేయాలి.

ప్రతి పెద్ద వాన తర్వాత అలుగులు చూడండి. మట్టి కొట్టుకుపోతున్న చోట రాళ్లు కలపండి. కందకంలో పేరుకున్న ఒండ్రును ఏడాదికోసారి తీసి మళ్లకు వేయండి.

కొమ్మలు కొట్టే పనిని పిట్టలు గూడు కట్టే కాలంలో పెట్టుకోకండి. మిగతా కాలంలో కూడా పొదను నాలుగువైపులా చూసి, గూడు లేదని రూఢి చేసుకున్నాకే కత్తెర పెట్టండి. కంచె మొత్తాన్ని ఒకేసారి కొట్టకుండా, ఈ ఏడు మూడో వంతు, వచ్చే ఏడు ఇంకో మూడో వంతు కొట్టండి. కోసిన కొమ్మల్ని వెంటనే ముక్కలు చేయకుండా ఒక రోజు అక్కడే వదిలితే వాటిలో ఉన్న సాలీళ్లు, మిడతలు, గొంగళిపురుగులు పక్క పొదలోకి చేరుకుంటాయి.